పదిహేడేళ్ళ సచిన్ గొప్పా, మన గాజువాక నితీష్ గొప్పా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కుర్రాళ్ళ టెస్ట్ ఇన్నింగ్స్‌ల గురించే ఉన్నాయి, అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే వారానికి పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: మా ఇంట్లో రోజూ ఇదే గొడవండీ. 1990లో మాంచెస్టర్‌లో సచిన్ కొట్టిన 119 ముందు ఏదీ నిలవదంటారు మా నాన్న. నేనేమో 2024లో మెల్‌బోర్న్‌లో నితీష్ కుమార్ రెడ్డి కొట్టిన 114 అంటాను. మా ఊరి కుర్రాడని నేను మొగ్గు చూపిస్తున్నానా? మీరే తేల్చండి. (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ఒక విషయం చెప్తా, మీ ఇద్దరికీ నచ్చుతుంది. సచిన్ ఆ 119 కొట్టింది 189 బంతుల్లో, నితీష్ 114 కొట్టిందీ సరిగ్గా 189 బంతుల్లోనే! కాబట్టి స్పీడ్ దగ్గర తగువు లేదు. నేనైతే ఇలాంటివి పోల్చేటప్పుడు వయసు కంటే ముందు రెండు విషయాలు చూస్తా, వాడు క్రీజ్‌లోకి వచ్చేసరికి స్కోర్ ఎంత, వాడి తర్వాత బ్యాటింగ్‌కి ఇంకెవరు మిగిలారు.

మాంచెస్టర్ చూడండి. ఇంగ్లండ్ 519 కొట్టింది, మనం అజహర్ 179 పుణ్యమా అని 432 దాకా వెళ్ళాం, ఆఖరి రోజుకి టార్గెట్ 408. సచిన్ దిగేసరికి 109కి 4 వికెట్లు. కాసేపటికి అజహర్ వెళ్ళిపోయాడు, ఆ తర్వాత కపిల్ కూడా ఔట్, స్కోర్ 183కి 6. ఇంకా రెండు గంటల పైనే ఆట ఉంది, ఇక మ్యాచ్ పోయినట్టే అనుకున్నారు అందరూ. అక్కడ మనోజ్ ప్రభాకర్‌ని పక్కన పెట్టుకుని, మీసం కూడా సరిగ్గా రాని పిల్లాడు డెవన్ మాల్కమ్‌ని, ఆంగస్ ఫ్రేజర్‌ని బ్యాక్‌ఫుట్ మీద నిలబడి కొడుతూ ఇంకో వికెట్ పడకుండా 160 పరుగులు కలిపి 343 దగ్గర డ్రా చేసి బయటికొచ్చాడు. అది ఆగస్టు 14, తెల్లారితే స్వాతంత్ర్య దినం. మొదటి ఇన్నింగ్స్‌లో 68 కూడా వాడిదే అన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు మెల్‌బోర్న్. ఆస్ట్రేలియా 474. నితీష్ ఎనిమిదో నంబర్‌లో వచ్చేసరికి మనది 191కి 6, జడేజా కూడా పోయేసరికి 221కి 7, ఫాలో ఆన్ (వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే ఇంకా 54 కావాలి. అప్పుడు వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు పెట్టాడు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. సుందర్ ఔట్, నితీష్ 99 మీద ఉండగా బుమ్రా డకౌట్, చివరి వాడు సిరాజ్ వచ్చాడు, బౌలింగ్ కమిన్స్, ఓవర్‌లో ఇంకా మూడు బంతులు. మా ఇంట్లో కూర్చున్న వాళ్ళు ఎవరూ లేరు, అందరం టీవీ ముందు నిలబడే ఉన్నాం. వైజాగ్ కుర్రాడి సెంచరీ కోసం హైదరాబాద్ కుర్రాడు ఆ మూడు బంతులూ ఎలాగో కాచుకున్నాడు, మైదానంలో మనవాళ్ళందరూ సిరాజ్ డిఫెన్స్‌కే సెంచరీ కొట్టినట్టు అరిచారు. తర్వాత బోలాండ్‌ని మిడాన్ మీదుగా లేపి ఫోర్ కొట్టాడు నితీష్. మోకాలి మీద కూర్చుని బ్యాట్‌ని నేలకి నిలబెట్టి దానికి హెల్మెట్ తగిలించాడు. స్టాండ్‌లో ముత్యాల రెడ్డి గారు చేతులు జోడించి ఏడుస్తున్నారు, కొడుకు క్రికెట్ కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న తండ్రి మరి.

నా తీర్పు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఈ రెండిట్లో మాంచెస్టర్‌ది ఒక మెట్టు పైన. ఆఖరి రోజు, నాలుగో ఇన్నింగ్స్, పైగా చివరి దాకా నిలబడి మ్యాచ్‌ని కాపాడాడు. మెల్‌బోర్న్‌లో నితీష్ మనల్ని పోటీలోకి తెచ్చాడు గానీ చివరి రోజు 155కే ఆలౌటై 184 పరుగుల తేడాతో ఓడిపోయాం, అది నితీష్ తప్పు కాదు. అయితే ఎనిమిదో నంబర్‌లో వచ్చి సెంచరీ కొట్టడం నాలుగు, ఐదు నంబర్లలో కొట్టడం కంటే ఎంత కష్టమో క్రికెట్ ఆడిన ఎవరినైనా అడగండి, అవతల వైపు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలీదు. కాబట్టి మీరు ఊరి మమకారంతో మాట్లాడుతున్నారని నేను అనను. నాన్నగారితో మాత్రం ఒక మాట చెప్పండి, సచిన్ చిన్నప్పటి ఇన్నింగ్స్‌ల్లో నాకు అన్నిటికంటే పైన మాంచెస్టర్ కాదు, 1992లో పెర్త్‌లో కొట్టిన 114. పద్దెనిమిదేళ్ళు. పెర్త్ గ్రౌండ్ వాకా పిచ్ మీద బంతి గుండెల దాకా లేస్తోంది, మెక్‌డర్మాట్, మెర్వ్ హ్యూస్, విట్నీ వేస్తున్నారు, మనవాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోతున్నారు, 159కి 8. అక్కడి నుంచి కిరణ్ మోరేని పెట్టుకుని తొమ్మిదో వికెట్‌కి 81. లేచే బంతిని మునివేళ్ళ మీద నిలబడి స్క్వేర్ కట్, పాయింట్ పక్క నుంచి ఫోర్, ఇదే మళ్ళీ మళ్ళీ. ఆ మ్యాచ్ 300 పరుగుల తేడాతో ఓడాం, అయినా ఆ బ్యాటింగ్ ముందు నాకు ఇంకేదీ ఆనదు.

ప్రశ్న: అందరికంటే చిన్న వయసులో టెస్ట్ సెంచరీ కొట్టింది సచిన్ కాదట కదా? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: కాదండీ. బంగ్లాదేశ్ మహ్మద్ అష్రాఫుల్, 17 ఏళ్ళ 61 రోజులు, 2001 సెప్టెంబర్‌లో కొలంబోలో, అదీ మొదటి టెస్ట్‌లోనే. అంతకు ముందు నలభై ఏళ్ళ పాటు ఆ రికార్డు పాకిస్తాన్ ముష్తాక్ మహ్మద్ పేరు మీద ఉండేది, అతను ఢిల్లీలో మన మీదే కొట్టాడు. అష్రాఫుల్ ఇన్నింగ్స్ విలువ తెలియాలంటే ఆ మ్యాచ్‌లో బంగ్లాదేశ్ మొదటి ఇన్నింగ్స్ స్కోర్ చూడాలి, 90 ఆలౌట్. శ్రీలంక 555 కొట్టి డిక్లేర్ చేసింది. అలాంటి మ్యాచ్‌లో మురళీధరన్‌ని, వాస్‌ని కాచుకుని 114 కొట్టాడంటే ఆ ధైర్యం మామూలుది కాదు. ఓడిపోయే మ్యాచ్ కదా ఒత్తిడి ఏముంది అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, పదిహేడేళ్ళ వాడికి మురళీ బంతి ఎటు తిరుగుతుందో కనిపెట్టడమే పెద్ద పరీక్ష.

ప్రశ్న: 2021లో బ్రిస్బేన్ గబ్బా గ్రౌండ్‌లో పంత్ కొట్టింది 89 నాటౌట్, సెంచరీ కాదు. ఇలాంటి లిస్టుల్లో పెట్టొచ్చా? (డాలస్ నుంచి)

జవాబు: పెట్టకపోతే ఆ లిస్టే వద్దు నాకు! అప్పటిదాకా ఆస్ట్రేలియా 1988 తర్వాత ఆ గ్రౌండ్‌లో ఓడింది లేదు, టార్గెట్ 328, మన సీనియర్లు సగం మంది గాయాలతో బయట ఉన్నారు. ఇరవై మూడేళ్ళ పంత్ 89 ఎంత గొప్పదో పొద్దున్న ఇరవై ఒక్కేళ్ళ గిల్ కొట్టిన 91 కూడా అంతే గొప్పది, ఇద్దరికీ సెంచరీ లేదు, అయితే ఏంటి. మధ్యలో పుజారా ఒంటి నిండా దెబ్బలు తింటూ 211 బంతులు ఆడాడు కాబట్టే ఈ కుర్రాళ్ళు ఆడగలిగారు, అది కూడా రాసుకోండి.

ప్రశ్న: వైజాగ్‌లో జైస్వాల్ 209 స్టేడియంలో కూర్చుని చూశాను. ఆ పిచ్ బ్యాటింగ్‌కి ఈజీ అని మా ఫ్రెండ్స్ తీసిపడేస్తున్నారు. (విజయనగరం)

జవాబు: మీరు చూసినదాన్ని మీరు నమ్మండి. ఆ ఇన్నింగ్స్‌లో మనం మొత్తం 396, అందులో జైస్వాల్‌వే 209. తర్వాత ఎక్కువ కొట్టింది గిల్, 34. పిచ్ అంత ఈజీ అయితే మిగతా పది మంది ఏమైనట్టు? నలభై దాటిన ఆండర్సన్ ఆ ఇన్నింగ్స్‌లో మూడు వికెట్లు తీశాడు, జైస్వాల్ అతన్ని మాత్రం జాగ్రత్తగా ఆడి మిగతా వాళ్ళని బాదాడు. ఇరవై రెండేళ్ళకి ఎవర్ని వదలాలో ఎవర్ని కొట్టాలో తెలియడం, నాకు అందులో సిక్సర్ల కంటే అదే బాగా నచ్చింది.

ప్రశ్న: అజహర్ భాయ్ మొదటి మూడు టెస్ట్‌ల మూడు సెంచరీల్లో ఏది బెస్ట్? (చార్మినార్ దగ్గర్నుంచి)

జవాబు: కోల్‌కతా 110, చెన్నై 105, కాన్పూర్ 122, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, ఈ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. నా ఓటు చెన్నైకి. ఇంగ్లండ్ వాళ్ళు ఫౌలర్, గాటింగ్ ఇద్దరూ డబుల్ సెంచరీలు కొట్టి మనల్ని నలిపేసిన మ్యాచ్, రెండో ఇన్నింగ్స్‌లో మూడు వికెట్లు తొందరగా పడిపోయాక మొహిందర్ అమర్‌నాథ్‌తో కలిసి నిలబడ్డాడు. ఆఫ్ స్టంప్ బయట బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్‌కి పంపడం దేశం మొత్తం అప్పుడే కొత్తగా చూస్తోంది, హైదరాబాద్‌లో లీగ్ మ్యాచ్‌లు చూసినవాళ్ళకి మాత్రం అప్పటికే అలవాటు.