సైకిల్‌కి ఎక్కడ గ్రీజు, ఎక్కడ థ్రెడ్‌లాకర్?
సైకిల్ విడిభాగాలు బిగించేటప్పుడు అన్నిటికీ ఒకే గ్రీజు వాడొచ్చా అన్నది ప్రశ్న. చాలా చోట్ల వాడొచ్చు, కొన్ని చోట్ల అస్సలు వాడకూడదు.

పెడల్ మరలకి (బిగించే చోటి గాడులకి), లోహపు ఫ్రేములో దిగే లోహపు సీట్‌పోస్ట్‌కి (సీటు కింది గొట్టానికి) మామూలు వాటర్‌ప్రూఫ్ గ్రీజు చాలు. పెడల్‌ని మాత్రం ఎప్పుడూ పొడిగా బిగించకండి. తడి తగిలితే స్టీలు ఇరుసు, అల్యూమినియం క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. తర్వాత బలవంతంగా విప్పితే క్రాంక్ మరలే ఊడొచ్చేస్తాయి. టైటానియం బోల్టులకైతే లోహాలు పట్టేసుకోకుండా ఆపే యాంటీ-సీజ్ పేస్టు మేలు.

కార్బన్ ఫైబర్ సీట్‌పోస్ట్ సంగతి వేరు. గ్రీజు రాస్తే పోస్ట్ కిందికి జారుతుంది. దానికి కార్బన్ పేస్టు రాయాలి. వేళ్ల మధ్య నలిపి చూడండి, సన్నని ఇసుకలా గరగరలాడుతుంది. ఆ రేణువుల పట్టు వల్ల పోస్ట్‌ని పట్టి ఉంచే క్లాంప్‌ని తక్కువ బలంతో బిగించినా సరిపోతుంది, కార్బన్ చిట్లుతుందన్న టెన్షన్ తగ్గుతుంది.

డిస్క్ బ్రేక్ రోటర్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం) బోల్టులు అదురుకి వదులవకుండా నీలిరంగు థ్రెడ్‌లాకర్ అనే జిగురు ఒక్క చుక్క వేయండి. ముందు మరల జిడ్డు శుభ్రంగా తుడవాలి, లేకపోతే అది పట్టదు. ఎరుపు రకం జోలికి వెళ్లకండి, విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. ఇక రోటర్ మీద, బ్రేక్ ప్యాడ్ల మీద జిడ్డు వేలిముద్ర కూడా పడనివ్వద్దు.