బ్రిటిష్ ప్రభుత్వం మన రేడియోకి నిజంగా డబ్బు పెట్టిందా?

బ్రిటిష్ వాళ్ళే రేడియో నడిపితే రేడియో సెట్టు ఉంచుకున్నందుకు జనం దగ్గర ఏటా లైసెన్సు డబ్బు ఎందుకు వసూలు చేశారని ఒకరు అడిగారు. నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసిన రోజుల్లో, లైసెన్సు పుస్తకంలో స్టాంపులు అంటించి ముద్ర వేస్తుంటే, "సెట్టు నా డబ్బుతో కొనుక్కున్నాను, మళ్ళీ ఏటా ఈ కట్టడమేంటి?" అని చాలామంది నిలదీసేవాళ్ళు. వాళ్ళకి సరైన జవాబు చెప్పాలనే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

అసలు మొదట్లో నడిపింది ప్రభుత్వం కాదు. 1927 జులైలో బొంబాయిలో, ఆగస్టులో కలకత్తాలో స్టేషన్లు తెరిచింది ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. ఏడాది లైసెన్సు 10 రూపాయలు, అందులో కంపెనీ వాటా 8. కానీ 1929 చివరికి కూడా లైసెన్సులు 8 వేలు దాటలేదు. అంటే లైసెన్సుల మీద ఏడాదికి 64 వేలు కూడా రాలేదన్నమాట. దాంతో రెండు మహానగరాల స్టేషన్లకి యంత్రాలు, సిబ్బంది, కళాకారుల ఖర్చు ఎక్కడ సరిపోతుంది? లైసెన్సు లేకుండా దొంగచాటుగా వినేవాళ్ళు సరేసరి. 1930 మార్చిలో కంపెనీ చేతులెత్తేసింది.

ఏప్రిల్ నుంచి ప్రభుత్వం తీసుకుంది, అదీ ఇష్టంగా కాదు. 1931 అక్టోబరులో పొదుపు పేరుతో మూసేస్తామంది. శ్రోతలు, సెట్లు అమ్మేవాళ్ళు గట్టిగా గొడవ చేస్తే వెనక్కి తగ్గింది. 1932లో రేడియో సెట్ల మీద దిగుమతి సుంకాన్ని రెట్టింపు చేసి 50 శాతానికి తీసుకెళ్ళింది. అదే డిసెంబరులో లండన్ నుంచి బీబీసీ ఎంపైర్ సర్వీసు, అంటే బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలకి చేసే రేడియో ప్రసారం, మొదలైంది. అది వినడానికి ఇక్కడున్న దొరలు సెట్లు తెప్పించుకున్నారు, సుంకం రాబడి పెరిగింది. ఆ తర్వాతే లక్షల్లో నిధులు కేటాయించారు, 1936లో ఆలిండియా రేడియో అనే పేరొచ్చింది.

కాబట్టి దీన్ని సర్కారు దాతృత్వం అంటే నేను ఒప్పుకోను. రేడియోకి పెట్టిన డబ్బులో పెద్ద భాగం లైసెన్సు, సుంకం రూపంలో విన్నవాళ్ళు కట్టిందే.

మద్రాసు సంగతి వేరు. రేడియో మీద ఆసక్తి ఉన్నవాళ్ళు పెట్టుకున్న అక్కడి రేడియో క్లబ్బు మూతపడ్డాక దాని ట్రాన్స్‌మిటర్‌తో 1930 నుంచి నగర కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. 1938లో ఆలిండియా రేడియో స్టేషన్ వచ్చేదాకా అంతే. నాకు అన్నిటికంటే గౌరవం కలిగింది ఆ పని మీదే, ఎందుకంటే ఒక ఊరి పాలకసంస్థ తన ఖర్చుతో ఊరికి పాట వినిపించింది.

లైసెన్సు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా పోలేదు. 1985లో రద్దు చేశారు.