జైల్లో మాత్రలు ఆగిపోయాయి.. తమ్ముడు మాట్లాడటం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 29 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి ఆరేళ్లుగా రోజుకు 300 మిల్లీగ్రాముల క్లోజపిన్ వాడుతున్నాడు. పక్కింటివాళ్లతో గొడవపడితే కేసు పెట్టారు. మూడు వారాలుగా రిమాండ్‌లో ఉన్నాడు. పరువు పోతుందని జబ్బు సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. మొన్న ములాఖత్‌కి వెళితే నోరు విప్పలేదు. అన్నం కూడా తినడం లేదట. మీరు సర్టిఫికెట్ ఇస్తే బెయిల్ వస్తుందా? ఈలోగా మాత్రలు ఎలాగైనా లోపలికి పంపవచ్చా?
- ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మా, సర్టిఫికెట్ సంగతి తర్వాత. మనిషిని చూడకుండా నేను ఇవ్వలేను, బెయిల్ గురించి లాయరే చెప్పాలి. మాట్లాడటం లేదు, తినడం లేదు అన్నారే, నా టెన్షన్ అదీ. క్లోజపిన్ ఉన్నట్టుండి ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది. కొందరైతే కొయ్యబారిపోతారు. కెటటోనియా అంటాం. చెయ్యి ఎత్తి వదిలితే గాల్లో అలాగే ఉంటుంది, నోట్లో పెట్టిన ముద్ద మింగరు. చూసేవాళ్లు నటన అనుకుంటారు. నీళ్లు కూడా తాగకపోతే కిడ్నీలు దెబ్బతినవచ్చు. త్వరగా గుర్తిస్తే లోరాజెపామ్ అనే మందుతో చాలామంది తేరుకుంటారు. మీ తమ్ముడికి అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను, డాక్టర్ చూడాలి. జ్వరం వచ్చి ఒళ్లు బిగుసుకుంటే ఒక్క పూట కూడా ఆగకూడదు.

మాత్రలు అన్నంలో దాచి పంపడం మాత్రం వద్దే వద్దు. క్లోజపిన్ ఆపి 48 గంటలు దాటితే పాత డోసు వేయకూడదు. 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఒకేసారి 300 వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

అరెస్టయిన రోజే మందుల చీటీ చూపించి ఉండాల్సింది. పరువు కోసం మూడు వారాలు పోగొట్టారు. అలాగని తప్పంతా మీదే అనను. జైల్లోకి తీసుకునేటప్పుడు దెబ్బలు, బీపీ, షుగర్ చూస్తారు. నిద్ర పడుతోందా, చెవిలో మాటలు వినిపిస్తున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. నా ఓపీకి ఖైదీని తెచ్చిన కానిస్టేబుల్‌కి చాలాసార్లు అతని పేరు తప్ప ఏమీ తెలియదు. ఫైలు ఉండదు. ఒకతనికి 15 రోజులకు మాత్రలు రాసి మళ్లీ రమ్మన్నాను. ఎస్కార్ట్ దొరకలేదని నాలుగు నెలలకు తెచ్చారు. అప్పటికి నన్ను గుర్తుపట్టే స్థితిలో లేడు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్స కేంద్రం ఉండాలనీ, జైలు డాక్టర్లకు ఇందులో శిక్షణ ఇవ్వాలనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. బ్యారక్ దాకా అది చేరాలి కదా!

ఇది చదివిన రోజే పాత చీటీలు, రక్తపరీక్షల జిరాక్సులు జైలు సూపరింటెండెంట్‌కీ, జైలు డాక్టర్‌కీ అర్జీతో పాటు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగానికి పంపమని అడగండి. స్పందించకపోతే లాయర్ ద్వారా కోర్టుకు చెప్పించండి. లాయర్ లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, నంబరు 15100. అర్జీలో ఆఖరి మాత్ర ఏ తేదీన వేసుకున్నాడో తప్పకుండా రాయండి. డోసు ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని బట్టే తేలుస్తారు.