మెయిన్‌ను పిలిచేది ఎవరు?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సీ ప్రోగ్రామ్ మెయిన్ అనే ఫంక్షన్ దగ్గరే మొదలవుతుందని క్లాసులో చెప్పారనీ, ఆ మెయిన్‌ను ఎవరు పిలుస్తారన్న నీ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదనీ రాశావు. ఆ ప్రశ్నను వదిలిపెట్టకు. లైనక్స్‌లో జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ను తీసుకుని చెబుతాను.

నీ కోడ్‌కు లింకర్ (కంపైలైన ముక్కలను ఒక్క ప్రోగ్రామ్‌గా కలిపేది) మరికొన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లను, అంటే ముందే కంపైల్ చేసిన కోడ్ ఉన్న ఫైళ్లను, జత చేస్తుంది. వాటిలో ఒకదానిలో, ముందు అండర్‌స్కోర్ ఉన్న 'స్టార్ట్' అనే పేరు ఉంటుంది. అసలు వాకిలి అదే, దాని అడ్రస్‌నే లింకర్ ఫైలు హెడర్‌లో రాసిపెడుతుంది. ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ దానిని మెమరీలోకి ఎక్కిస్తుంది, డైనమిక్ లోడర్ షేర్డ్ లైబ్రరీలను, అంటే చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్‌ను, జతపరిచి ఆ అడ్రస్‌కు వెళుతుంది, అక్కడి కోడ్ సీ లైబ్రరీలోని ప్రారంభ ఫంక్షన్‌ను పిలుస్తుంది, ఆ ఫంక్షన్ తన ఏర్పాట్లన్నీ ముగించుకున్నాకే నీ మెయిన్‌ను పిలుస్తుంది. మెయిన్ పేరులో ఒక అక్షరం తప్పు పడితే కంపైలర్ ఊరుకున్నా లింకర్ ఊరుకోకపోవడానికి కారణం, ఆ ప్రారంభ కోడ్ మెయిన్ కోసం వెతకడమే.

సీ++‌లోకి వెళ్లినప్పుడు ఇది మరీ అవసరం. గ్లోబల్ ఆబ్జెక్టుల కన్‌స్ట్రక్టర్లు, అంటే వాటిని తయారుచేసే ఫంక్షన్లు, సాధారణంగా మెయిన్ కన్నా ముందే నడుస్తాయి. వేర్వేరు ఫైళ్లలో ఉన్నవాటిలో ఏది ముందు నడుస్తుందో భాష హామీ ఇవ్వదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మెయిన్ మొదటి వరుసలో పెట్టిన ప్రింట్ కూడా కనబడకుండా క్రాష్ అవుతున్న ప్రోగ్రామ్‌తో నేను రెండు రోజులు తంటాలు పడ్డాను. తప్పంతా ఒక గ్లోబల్ ఆబ్జెక్టు ఇంకా తయారుకాని మరొకదానిని వాడుకోవడంలో ఉంది. అందుకే ఒక గ్లోబల్ మరో ఫైలులోని గ్లోబల్ మీద ఆధారపడేలా ఎన్నడూ రాయకు.

మెయిన్‌కు ఎప్పుడూ ఇంట్ (పూర్ణాంకం) రిటర్న్ రకమే ఇవ్వు. పాత పుస్తకాల్లోని వాయిడ్ మెయిన్‌ను అనుసరించకు. సీ భాష 1999 ప్రమాణం నుంచి, రిటర్న్ రాయకుండా మెయిన్ చివరికి చేరితే సున్నా ఇచ్చినట్టే లెక్క, కానీ స్పష్టంగా రాయడమే నాకు ఇష్టం. ఆ సంఖ్య ఎగ్జిట్ అనే లైబ్రరీ ఫంక్షన్‌కు చేరుతుంది, అది బఫర్లలో (రాయాల్సినదాన్ని తాత్కాలికంగా దాచే చోట్లలో) మిగిలినదంతా రాయించి ప్రోగ్రామ్‌ను ముగిస్తుంది.

ఈ ఆదివారం రీడ్‌ఎల్ఫ్ అనే కమాండ్‌తో నీ ఫైలు హెడర్ తెరిచి ఎంట్రీ పాయింట్ అడ్రస్ రాసుకో, ఫైలులోని పేర్లనూ వాటి అడ్రస్‌లనూ చూపే ఎన్ఎమ్ కమాండ్ ఇచ్చే మెయిన్ అడ్రస్‌తో పోల్చు. తర్వాత మెయిన్ నుంచి 256 రిటర్న్ చేసి, షెల్‌లో డాలర్ ప్రశ్నార్థకంతో (ఇప్పుడే ముగిసిన ప్రోగ్రామ్ ఇచ్చిన సంఖ్య అందులో ఉంటుంది) ఫలితం చూడు: సున్నా వస్తుంది, ఎందుకంటే చివరి ఎనిమిది బిట్లే మిగులుతాయి.

ఇట్లు,
మామయ్య