చెక్కు కాగితం మీద మరక ఎందుకు పడుతుంది, నోటు నీళ్లలో ఎందుకు చిరగదు

మీరు అడిగినవి రెండు సంగతులు. చెక్కు మీద నెయిల్‌పాలిష్ తుడిచే ద్రవం ఒలికి, అంచు ముదురుగా ఉన్న రంగు మరక పడిందంటే అది అచ్చులోని సిరా కరగడం వల్లనా, కాగితంలోనే ఏదైనా కలిపి ఉండడం వల్లనా అన్నది మొదటిది. చొక్కా జేబులో ఉండిపోయి వాషింగ్ మెషిన్‌లో తిరిగిన నోటు ఎందుకు చిరగలేదన్నది రెండోది. ఒక కాగితం మిల్లు ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లు పనిచేసి, వాటిలో ఆరేళ్లు చెక్కు కాగితపు రీళ్లను పరీక్షించడంలోనే గడిపినవాడిని కనుక ఈ జవాబు రాస్తున్నాను. నోట్ల కాగితం మేము తయారు చేయలేదు. మన దేశంలో ఆ పని నర్మదాపురంలోనూ (పాత హోషంగాబాద్) మైసూరులోనూ ఉన్న ప్రత్యేక మిల్లులది. అయితే కాగితం తడికి తట్టుకోవడం వెనుక ఉన్న రసాయన సూత్రం అన్నిచోట్లా ఒకటే.

మరక సంగతికి వస్తే, రెండు కారణాలూ ఉండవచ్చు. చెక్కు నేపథ్యంలోని సన్నటి గీతల అచ్చుకు కూడా ద్రావకాలకు చెదిరే సిరా వాడతారు. అచ్చు లేని ఖాళీ చోట కూడా మరక పడి ఉంటే అది కాగితం పనే. సీటీఎస్ (చెక్కుకు బదులు దాని చిత్రాన్నే బ్యాంకుల మధ్య పంపే పద్ధతి) కోసం రిజర్వు బ్యాంకు తెచ్చిన సీటీఎస్-2010 ప్రమాణం ప్రకారం ఆమ్లం, క్షారం, బ్లీచింగ్, ద్రావకం, వీటిలో దేనితో చెరిపే ప్రయత్నం జరిగినా కాగితం మీద కంటికి కనిపించే గుర్తు మిగలాలి. ఈ గుణాన్ని తయారైన కాగితానికి పైపూతగా తర్వాత అంటించరు. కాగితం ఇంకా మిషన్ మీద ఉండగానే ఇస్తారు.

ఏ పదార్థాన్ని ఎక్కడ కలపాలన్నదే ఇందులో అసలు నేర్పు. నీటిలో కరగక, అసిటోన్ (నెయిల్‌పాలిష్ తుడిచే ద్రవంలో సాధారణంగా ఉండేది) లాంటి ద్రావకాల్లో మాత్రమే కరిగే రంగుపొడిని గుజ్జులోనే కలపవచ్చు. అది పోగుల మధ్య చిక్కుకుని, కంటికి ఆనకుండా నిద్రపోతున్నట్టు ఉంటుంది. అసిటోన్ తగిలిన క్షణంలో కరిగి, ద్రవంతో పాటు పాకి, ద్రవం ఆరే అంచు దగ్గర పేరుకుంటుంది. మీ మరకకు అంచు ముదురుగా ఉండడానికి కారణం అదే కావచ్చు. నీటిలో కరిగే లవణాల సంగతి వేరు. వాటిని గుజ్జులో పోస్తే వైరు (గుజ్జును పరిచి నీరు వడకట్టే జల్లెడ) మీద నీరు కారిపోయేటప్పుడు ఆ నీటితోనే వెళ్లిపోతాయి. అందుకని కాగితం ఒకసారి ఆరిన తర్వాత సైజ్ ప్రెస్ దగ్గర, బట్టకు గంజి పెట్టినట్టు కాగితానికి గంజి పట్టించే చోట, ఆ గంజిలోనే కలిపి ఇస్తారు. మాంగనీస్ లవణం ఇందుకు పాత ఉదాహరణ. బ్లీచింగ్ ద్రావణం తగిలితే అది గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్‌గా మారుతుంది.

రీల్ దిగిన ప్రతిసారీ మూరెడు పట్టీ కోసి, తెల్ల పింగాణీ పలక మీద పరచి, డ్రాపరుతో వరుసగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా, బ్లీచింగ్ ద్రావణం, అసిటోన్, స్పిరిట్ చుక్కలు వేసేవాళ్లం. బ్లీచింగ్ చుక్క పడిన చోట కాసేపటికి టీ ఒలికినట్టు వలయం లేచేది. అది లేవకపోతే సైజ్ ప్రెస్ దగ్గరికి పరుగెత్తడమే. గంజి తొట్టిలో మందు పోయడం మరిచారో, పంపు ఆగిందో చూడాలి.

కష్టమంతా ఆమ్లం చుక్కతోనే వచ్చేది. కాగితం ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్, ఉండడం మంచిది. కానీ ఆ సుద్దే చుక్కలోని ఆమ్లాన్ని ముందుగా విరిచేయడం వల్ల, రంగు మారవలసిన పదార్థం దాకా ఆమ్లం చేరక, మరక వెలవెలబోయేది. మన్నిక కోసం కలిపినది భద్రతకు అడ్డం రావడం ఈ పనిలో నిత్యం చూసేదే. సుద్ద కొంత తగ్గించి, సూచక పదార్థం కొంత పెంచి సర్దుకునేవాళ్లం.

కలపవలసినది కలపడం కన్నా, కలపకూడనిది చేరకుండా చూడడం ఇంకా కష్టమని నాకు ఒక రాత్రి షిఫ్టులో తెలిసింది. చెక్కు కాగితం అతినీలలోహిత దీపం కింద మెరవకూడదు. బ్యాంకు చిహ్నాన్ని ఆ దీపం కింద మాత్రమే వెలిగే సిరాతో అచ్చువేస్తారు కనుక, వెనుక కాగితం చీకటిగా ఉంటేనే అది కనిపిస్తుంది. మామూలు తెల్లకాగితానికి మెరుపు కోసం ఆప్టికల్ బ్రైటనర్ కలుపుతారు, అది ఆ దీపం కింద నీలంగా మెరుస్తుంది. ఆ రోజు అంతకుముందు అదే మిషన్ మీద అలాంటి రాతకాగితం నడిచింది. తెగిన, కత్తిరించిన ముక్కలను (మిల్లు భాషలో బ్రోక్) తిరిగి గుజ్జు చేసి నిలవ ఉంచే తొట్టిని పూర్తిగా కడగకుండానే చెక్కు కాగితం మొదలుపెట్టారు. గదిలో లైటు ఆర్పి దీపం కింద పట్టీ పెట్టేసరికి, మసక ఊదా నేల మీద అక్కడక్కడ నీలి పోగులు చుక్కల్లా మెరిశాయి. షిఫ్టు ఇన్‌ఛార్జి ఆ పట్టీని ట్యూబులైటు కిందికి తీసుకెళ్లి, తేడా ఏదో చూపించమన్నాడు. అక్కడ చూపించగలిగిన తేడా ఏమీ లేదు. గంటసేపు వాదించుకున్నాక ఆ రీల్ చెక్కు కాగితంగా కాకుండా మామూలు సరుకుగా వెళ్లింది. ఆ నష్టం లెక్క కొన్ని నెలల పాటు ప్రతి సమావేశంలోనూ వినిపించింది.

ఇక నోటు సంగతి. మామూలు కాగితంలో పోగును పోగుతో పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. వాటి మధ్యకు నీరు చొరబడితే పట్టు సడలిపోతుంది కనుక తడిసిన కాగితానికి పొడిగా ఉన్నప్పటి బలంలో పదో వంతైనా మిగలదు. తడిబలం కావలసిన కాగితానికి గుజ్జులోనే మెలమిన్-ఫార్మాల్డిహైడ్ లేదా పాలీఅమైడ్-ఎపిక్లోరోహైడ్రిన్ రకం రెజిన్ కలుపుతారు. డ్రయర్ల వేడికి అది పోగుల చుట్టూ నీటికి విడిపోని వలలా గట్టిపడుతుంది. రెండో రకం రీల్ దిగిన తర్వాత కూడా కొన్ని రోజుల పాటు గట్టిపడుతూనే ఉంటుంది. అందువల్ల అప్పుడే దిగిన ముక్కను పరీక్షిస్తే బలం తక్కువ చూపిస్తుంది. ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి పరీక్షించాలని తెలియక, కొత్తలో నేను మంచి రీల్‌ను పనికిరాదని రాసి చివాట్లు తిన్నాను. ఈ బలానికి మిల్లు చెల్లించే ధర ఏమిటంటే, అలాంటి బ్రోక్ పల్పర్‌లో (కాగితాన్ని తిరిగి గుజ్జు చేసే యంత్రంలో) వేసినా అంత సులభంగా విడిపోదు. వేడినీరూ రసాయనాలూ వాడి విడదీయాలి.

నోటుకు మరో బలం పత్తి. మన నోట్ల కాగితం నూటికి నూరు శాతం పత్తితోనే తయారవుతుంది. పత్తి పోగు దాదాపు పూర్తిగా సెల్యులోజ్ (కాగితానికి ఆధారమైన నార పదార్థం), పైగా కర్ర గుజ్జు పోగు కన్నా పొడవు. నోట్ల కాగితం పైన సాధారణంగా జెలటిన్ గాని పాలీవినైల్ ఆల్కహాల్ గాని పట్టిస్తారు కనుక చేతి చెమటా మురికీ త్వరగా లోపలికి ఇంకవు. అమెరికా నోటు ముందుకూ వెనక్కూ సుమారు 4,000 జంట మడతలు పడితే గాని చిరగదని అక్కడి ముద్రణ శాఖ చెబుతుంది. మా మడత యంత్రం మీద మామూలు రాతకాగితం కొన్ని పదుల మడతలకే తెగడం నేను రోజూ చూసినదే.

మీరు అడగకపోయినా మన్నిక గురించి ఒక మాట. సిరా పాకకుండా రోజిన్, పటిక కలిపే పద్ధతిని 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ ప్రకటించాడు. చౌకగా ఉండడంతో ప్రపంచమంతా అందుకుంది. కానీ పటిక కాగితంలో ఆమ్లాన్ని మిగిల్చి, సెల్యులోజ్ గొలుసులను ఏళ్ల తరబడి కొరుకుతూ ఉంటుంది. ఆమ్లం అవసరం లేని ఏకేడీ లాంటి సైజింగులు (సిరా పాకకుండా కలిపే పదార్థాలు) వచ్చాకే సుద్ద కలపడానికి వీలైంది. ఐఎస్ఓ 9706 ప్రమాణం శాశ్వత కాగితంలో కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలంటుంది. మా ఇంటి ట్రంకు పెట్టెలో తాతగారి దస్తావేజును చుట్టిన వార్తాపత్రిక ముట్టుకుంటే అటుకుల్లా రాలింది. లోపలి స్టాంపు కాగితం మాత్రం మడత దగ్గర కూడా విరగలేదు. అందులో గుడ్డపీలికల గుజ్జు ఎక్కువగా ఉండి ఉంటుంది.

మీ చెక్కు విషయానికి వస్తే, దాన్ని ఎవరికీ ఇవ్వకండి. చెరిపే ప్రయత్నం జరిగితే పడే మరకకూ పొరపాటున ఒలికితే పడే మరకకూ తేడా చెప్పే పరీక్ష ఏదీ కౌంటరు దగ్గర ఉండదు. దిద్దుబాట్లున్న చెక్కులను సీటీఎస్‌లో ఎలాగూ తీసుకోరు. ఆ చెక్కును చించివేసి, దాని నంబరును కౌంటర్‌ఫాయిల్ మీద రద్దుగా రాసుకుని, కొత్తది ఇవ్వండి.