స్పిన్-ఆఫ్ యానిమేషన్ సినిమా అంటే అభిమానులకు ఆశతో పాటు అనుమానం ఎందుకు?

ఇష్టమైన యానిమేషన్ సినిమాలోని పక్క పాత్రతో విడిగా సినిమా, అంటే స్పిన్-ఆఫ్, వస్తోందంటే సంబరపడాల్సిన అభిమానులే ఎందుకు వెనకాడతారన్నది ప్రశ్న. నవ్వించి వెళ్లిపోయే పాత్రకు ఐదు నిమిషాలు చాలు. గంటన్నర కథ మోయాలంటే దానికంటూ ఒక కోరిక, ఒక భయం ఉండాలి. చాలా స్పిన్-ఆఫ్‌లు తేలిపోయేది అక్కడే.

2022లో వచ్చిన 'పుస్ ఇన్ బూట్స్: ద లాస్ట్ విష్' ఈ పని ఎంత బాగా చేసిందో! 'ష్రెక్' సినిమాల్లో గొప్పలు పోయిన పిల్లి ఇందులో చావు భయంతో పరుగెత్తి, అడవిలో ఊపిరాడక కూలబడుతుంది. వెంట వచ్చిన చిన్న కుక్క దాని పొట్టమీద తల ఆనిస్తుంది. పిల్లి గుండెదడ మెల్లగా తగ్గుతుంది. పిల్లలతో పాటు పెద్దలూ కదిలిపోయే సీన్ అది.

అదే ఏడాది 'టాయ్ స్టోరీ' సినిమాల్లోని వ్యోమగామి బొమ్మ బజ్ పేరుతో వచ్చిన 'లైట్‌ఇయర్' మాత్రం తడబడింది. ఆ సినిమాల్లో టిమ్ అలెన్ గొంతుకు అలవాటుపడ్డవాళ్లకు బజ్ క్రిస్ ఎవాన్స్ గొంతుతో వినిపించాడు. పైగా ఇతను మనకు తెలిసిన బొమ్మ కాదని, ఆ బొమ్మకు మూలమైన సినిమా హీరో అని విడమరచి చెప్పాల్సి వచ్చింది.

అందుకే ట్రైలర్‌లో జోకులు పేలాయా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఆ పాత్రకు ఏం కావాలో తెలుస్తోందా అనే చూస్తాను.