పీహెచ్‌డీ సీటు వచ్చింది... ఏ గైడ్ దగ్గర చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసింది. జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. ఒకే యూనివర్సిటీలో ఇద్దరు గైడ్‌లు తీసుకుంటామన్నారు. ఒకరు పేరున్న ప్రొఫెసర్. రిటైర్‌మెంట్‌కి నాలుగేళ్లుంది, దగ్గర ఏడుగురు స్కాలర్లున్నారు. రెండోవారు అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆయన దగ్గర ఇద్దరే. పేరున్నవారి దగ్గర చేరితేనే మంచిదని బంధువులు అంటున్నారు. గైడ్‌ని బట్టి రీసెర్చ్ నిజంగా అంత మారుతుందా?

జవాబు: మారుతుంది. యూనివర్సిటీ కన్నా, టాపిక్ కన్నా గైడ్ వల్లే ఎక్కువ మారుతుంది. తెలివి చాలక పీహెచ్‌డీ ఆపేసేవాళ్లు తక్కువ. దారి తప్పినప్పుడు చెప్పేవాళ్లు లేక, రాసింది చదివేవాళ్లు లేక ఏళ్లు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

మీ అమ్మాయి సబ్జెక్టులోనే చూడండి. ఒక రియాక్షన్ ముందుకు కదలట్లేదు. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూసే టీఎల్‌సీ ప్లేటు మీద స్టార్టింగ్ మెటీరియల్ మచ్చ అలాగే కనిపిస్తోంది. ఆ వారంలోనే గైడ్ ఆ ప్లేటు, ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తెలిపే పరీక్ష) రిపోర్టు ముందేసుకుని కూర్చుంటే ‘సాల్వెంట్‌లో తేముంది, మళ్లీ డ్రై చెయ్యి’ అనో, ‘ఈ సబ్‌స్ట్రేట్ (రియాక్షన్‌కి తీసుకున్న పదార్థం) వదిలెయ్’ అనో పది నిమిషాల్లో తేలిపోతుంది. గైడ్ నెలకోసారి దొరికేవారైతే అదే రియాక్షన్‌ని టెంపరేచర్ మార్చి మార్చి ఆర్నెల్లు చేస్తుంది. పేపర్ డ్రాఫ్టులదీ ఇదే కథ. రెండు మూడు వారాల్లో దిద్ది ఇచ్చేవారు ఉన్నారు. నాలుగు నెలలు టేబుల్ మీదే ఉంచేవారూ ఉన్నారు. అలా మూడు పేపర్లకు ఒక ఏడాది పోతుంది.

ఆ ఏడాది మీకు డబ్బుగానూ తగులుతుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ.37,000, దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్ రూ.42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వేరు. రెండూ కలిపి ఐదేళ్లే. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్లిస్తాయి. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, అమ్మాయిలకు ఆపైన ఇంకో రెండేళ్లు వస్తాయి. గడువు పెరుగుతుంది, ఫెలోషిప్ మాత్రం పెరగదు.

ఇప్పుడు ఆ ప్రొఫెసర్‌గారి సంగతి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి స్కాలర్లు ఉండకూడదు (అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు). అంటే మీ అమ్మాయి ఆఖరి సీటులో చేరుతుంది. రిటైర్‌మెంట్‌కి మూడేళ్లలోపు ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఆయనకు నాలుగేళ్లుంది కాబట్టి నిబంధన అడ్డు రాదు. కానీ థీసిస్ రాసే సమయానికి ఆయన సర్వీసులో ఉండరు. డెబ్బై ఏళ్ల వరకు కో-గైడ్‌గా ఉండొచ్చు, అసలు గైడ్‌గా మరొకరు రావాలి. ఆ ‘మరొకరు’ ఎవరో ఇప్పుడే అడగండి. స్పష్టమైన పేరు చెప్పకపోతే నేనైతే అక్కడ చేరమని చెప్పను.

పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగానికి) పెద్దవారి సిఫారసు ఉత్తరం పనికొస్తుందన్నది నిజమే. అయితే ఆ అమ్మాయి ఏ ప్రయోగం ఎలా చేసిందో తెలిసిన మనిషి రాస్తేనే ఆ ఉత్తరానికి బలం ఉంటుంది.

అసిస్టెంట్ ప్రొఫెసర్ విషయంలో చూడాల్సినవి వేరు. పర్మనెంట్ పోస్టేనా? పీర్ రివ్యూ జర్నళ్లలో కనీసం మూడు పేపర్లు ఉన్నాయా (గైడ్‌షిప్‌కి అది నిబంధన)? చేతిలో ప్రాజెక్టు ఉందా, ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది? సాల్వెంట్లకు, సిలికా జెల్‌కు డబ్బు లేని ల్యాబ్‌లో ఎంత మంచి గైడైనా చేయగలిగింది తక్కువే. ఇవి సరిపోతే నా మొగ్గు ఆయన వైపే.

ఎవరినైనా ఖాయం చేసుకునే ముందు ఒక సాయంత్రం మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్ ముందు కూర్చోండి. గైడ్ పేరుతో వెతకండి. మన పేర్లలో ఇంటిపేరు అక్షరాలు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా టైప్ చేసి చూడాలి. రిజిస్ట్రేషన్, పూర్తయిన తేదీలు ఇచ్చిన థీసిస్‌లలో ఎన్నేళ్లు పట్టిందో రాసుకోండి. మధ్యలో మానేసినవాళ్లు అక్కడ కనిపించరు. అందుకే ఆరేడేళ్ల నాటి పేపర్లలో ఉన్న స్కాలర్ల పేర్లు తీసి, వాళ్ల థీసిస్ వచ్చిందో లేదో సరిచూడాలి. పేపర్లలో మొదటి పేరు స్కాలర్‌దేనా అన్నదీ అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత, చివరి ఏడాదిలో ఉన్న ఒకరితో, బయటికి వెళ్లిపోయిన ఒకరితో మీ అమ్మాయినే ఫోన్‌లో మాట్లాడమనండి. ‘సర్ మంచివారేనా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ‘మీ చివరి డ్రాఫ్ట్ ఎన్ని రోజులకు తిరిగొచ్చింది?’ అని అడగాలి.

చేరాక కూడా కొంత ఆమె చేతిలోనే ఉంటుంది. ప్రతి మీటింగ్ అయ్యాక అదే రోజు ఏం అనుకున్నారో మూడు లైన్లలో గైడ్‌కి మెయిల్ పెట్టాలి. ‘నేను అలా చెప్పలేదే’ అన్న తగవు రాదు. ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఉంటుంది. చాలామంది దాన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. గైడ్‌తో ఇబ్బంది ఉంటే అది రికార్డుకెక్కే చోటు అదే. మారాలనుకుంటే మొదటి ఏడాదిలో, కోర్స్‌వర్క్ నడుస్తుండగానే సులువు. పెళ్లయ్యి ఊరు మారాల్సి వస్తే, నిబంధనలకు లోబడి రీసెర్చ్ డేటాను వేరే యూనివర్సిటీకి బదిలీ చేసుకునే వీలు కూడా 2022 నిబంధనల్లో ఉంది.

జాయినింగ్‌కి ముందు ఇద్దరి గ్రూప్ మీటింగ్‌లోనూ ఒక్కోరోజు కూర్చుంటానని ఆమెనే అడగమనండి. ఎవరో ఒక స్కాలర్ లేచి ‘రిజల్ట్ రాలేదు సర్’ అంటారు. అప్పుడు ఆ గైడ్ ‘ఏం చేశావో మొదట్నుంచి చెప్పు’ అంటారో, ‘వచ్చేవారానికి రావాలి’ అని తర్వాతి పేరు పిలుస్తారో చూసి రమ్మనండి.